దొంగజిప్పు

"మొదటి పేజీలోకి వచ్చేశాం!" అని మా ఆయన హాల్లోంచి కేకేసినప్పుడు నేను కొత్త నైటీకి జిప్పు కుట్టి, అది ఒంటికి గుచ్చుకుంటుందేమోనని వేలితో తడిమి చూస్తున్నాను. పాపకి ఏడో నెల. దానికి పాలివ్వడానికని నాకోసం కుట్టుకున్న నైటీతోనే ఈ వ్యాపారం మొదలైంది. జిప్పు కుచ్చిళ్ళ మడతలో దాక్కుంటుంది. దానికి దొంగజిప్పు అని పేరు పెట్టింది, మొదట కొనుక్కున్న, మా ఆస్పత్రి నర్సమ్మ. ఆవిడ ఇంకొకరికి చెప్పింది, ఆ ఇంకొకరు మరొకరికి. అందరూ ఫోన్ చేసి "దొంగజిప్పుది ఉందా అక్కా?" అనే అడిగేవాళ్ళు.

మా ఆయన వెబ్‌సైటు పెట్టించాక ఆ పేరు ఎగిరిపోయింది. "దొంగ ఏంటి, అసహ్యంగా? జనం ఏం టైప్ చేస్తారో అది పెట్టాలి" అని ఒకాయన్ని పట్టుకొచ్చాడు. వెతికేవాళ్ళకి మన సైటు ముందు వరసలో కనపడేలా చెయ్యడం ఆయన పని, ఎస్.ఇ.ఓ. అంటారట. నేను ర్యాంకాయన అంటాను. నా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ, నా సరుకు గురించి మా ఆయనతో మాట్లాడతాడు. "మేడమ్‌గారు వారానికి నాలుగు వ్యాసాలు రాస్తే చాలు సార్. ఎండాకాలం కదా, 'హాట్ నైటీ' అని కలపండి. ఆ మాటకి మంచి గిరాకీ ఉంది." ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎండ గురించే అనుకున్నాను, పిచ్చిదాన్ని. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ, పాపని ఒళ్ళో వేసుకుని, పేరాకి మూడుసార్లు ఆ మాట వచ్చేట్టు రాశాను. మా అత్తగారు చూసి, "నీది చేతిపనే కదమ్మా, వాడిది బుర్రపని. వాడు చెప్పినట్టు విను" అన్నారు.

మొదటి పేజీ అన్న ఆ కేక విని హాల్లోకి వెళ్ళాను. నిన్న ఒక్కరోజే పదకొండు వందల మంది వచ్చారట. "ఎంతమంది కొన్నారు?" అంటే, "ముందు జనాన్ని రానీ, కొనడం తర్వాత" అని స్నానానికి వెళ్ళాడు. లాప్‌టాప్ తెరిచే ఉంది. వచ్చినవాళ్ళు ఏం వెతుక్కుంటూ వచ్చారో వరసగా ఉంది. ఆ మాటలు ఇక్కడ రాయను, రాస్తే మళ్ళీ చేతులు కడుక్కోవాలి. పక్కనే మా సైటు, అందులో నా ఫొటో. జిప్పు కనబడుతోందా లేదా చెప్పమని అద్దంలో తీసి ఆయనొక్కడికే పంపిన ఫొటో. మెడ దగ్గర కత్తిరించి పెట్టాడు. మిగిలిందల్లా నా గుండెలూ, పాప సగం బుగ్గా. కింద ఎవడో అడిగాడు, "మనిషితో కలిపి ఇస్తారా?"

తల తుడుచుకుంటూ వచ్చినవాణ్ణి అడిగాను, "ఇది మీరే పెట్టారా?"

"మొహం తీసేశాను కదా, ఎవరికి తెలుస్తుంది? మనిషి ఉన్న ఫొటో అయితే ఎక్కువసేపు ఆగుతారని ఆ ఎస్.ఇ.ఓ. ఆయన అన్నాడు."

"ఎవరు ఆగారో చదివారా?"

"చూస్తే ఏం అరిగిపోతావా?"

అంటే ఎక్కడ కత్తిరించాలో ఇద్దరూ కూర్చుని చూశారన్నమాట. నా బల్ల మీద, నా టీ తాగుతూ. ఆ కప్పులు రెండూ తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను. అసహ్యం మాత్రం పోలేదు.

వ్యాసాలు పెట్టేది నేనే కాబట్టి సైటు పాస్‌వర్డ్ నాకూ తెలుసు. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఫొటో తీసేశాను, వ్యాసాలన్నీ చెరిపేశాను, పాస్‌వర్డ్ మార్చాను. నర్సమ్మకి ఫోన్ చేసి, "మీ దగ్గరికొచ్చే బాలింతలు ఏమని వెతుకుతారండీ?" అని అడిగాను. "నైటీ అని ఎవరు వెతుకుతారమ్మా! పాలు కారి బట్టలు తడిసిపోతున్నాయి, నలుగురిలో పాలివ్వాలంటే సిగ్గేస్తోంది, ఏం చెయ్యాలి... ఇలా కొడతారు" అంది. ఆ మాటలే పెట్టి, నాకు జరిగిందే రాసి, పైన దొంగజిప్పు అని పేరు పెట్టాను. ఫొటోలో హ్యాంగరుకి తగిలించిన నైటీ ఒక్కటే ఉంది.

మూడు వారాలకి ఆయన ఆఫీసులో మెయిల్‌కొచ్చిన సైటు లెక్కలు చూసుకుని ఊగిపోతూ వచ్చాడు. "పదకొండు వందలు పోయి నలభై మందా! మొత్తం తగలేశావు!" ఆ నలభైలో తొమ్మిదిమంది కొన్నారని చెప్పాను. వినకుండా ర్యాంకాయనకి ఫోన్ కలిపాడు. తొమ్మిదిమంది కొన్నారని పక్కనుంచి నేనే ఫోన్లోకి గట్టిగా చెప్పాను. ఆయన కొంచెం కూడా తడుముకోకుండా, "కొనేవాళ్ళే రావాలి, నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా సార్" అన్నాడు.

అది విని మా ఆయన మొహం వెలిగింది. లాప్‌టాప్ ముందు కూర్చుని, "సరే, ఇక నేను చూసుకుంటాను. పాస్‌వర్డ్ ఏంటి?" అన్నాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన్ని 'మీరు' అనే పిలిచాను. పాపని భుజం మీదికి మార్చుకున్నాను.

"వెతుక్కో" అన్నాను.