రెండో బుట్ట

తీజ్ పండుగకు మా తండాలో పెళ్లికాని ఆడపిల్లలందరం బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లాం. మొలకలు ఏపుగా వస్తేనే పెళ్లి కలిసొస్తుందని నమ్మకం. ఐదో రోజుకు అందరి బుట్టల్లోనూ బెత్తెడు మొలకలు లేచాయి. నా బుట్టలో ఒక్కటీ లేదు. వంగి వాసన చూస్తే గుప్పున నీలగిరి తైలం!

"నూనె తగిలినంక ఇత్తులు మొలుస్తయా? ఎవలో కావాల్ననే పోసిండ్రు," అన్నాడు బాపు.

నాకు ఒళ్లు మండింది. కొత్త బుట్టలో మళ్లీ చల్లి, నా గదిలో పెట్టి తాళం వేశాను. నీళ్లు నేనే పోశాను.

మా ఇంట్లో ఆ తైలం వాడింది నాయనమ్మ మోతీబాయి ఒక్కతే. గడ్డి మిషన్‌లో చూపుడువేలు పోగా మిగిలిన నాలుగు వేళ్లతోనే మోకాళ్లకు రాసుకునేది. నాకు చూసిన సంబంధం వద్దని చివరిదాకా పోట్లాడి, ఉగాదికి ముందు చనిపోయింది. తైలం సీసా కూడా చితి మీదే పెట్టాం.

నాలుగో రోజు మొలకలు వచ్చాయి. కానీ నడుమ మాత్రం బోడి మట్టి, ఎవరో వేళ్లు చాపి చెయ్యి ఆనించినట్టు.

"గిది నీ పనే గదనే! పెండ్లి తప్పించుకుందామనా?" అని అమ్మ నా చెయ్యి గుంజి ఆ జాడ మీద పెట్టింది.

చెయ్యంతా మట్టికి ఆనింది. చూపుడువేలి కింద మాత్రం గోధుమ మొలకలు పచ్చగా నిలబడి ఉన్నాయి.