మీసం టీచర్ ఇవాళ రాలేదు

నాకు మీసం వస్తుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఎదుటివాళ్లకు నా మూతి వైపు దొంగచూపులు చూసే శ్రమ తప్పుతుంది.

పదిహేడో ఏట మొదలైంది. దారంతో లాగించుకున్నాను, మైనంతో పీకించుకున్నాను. పీకిన చోటల్లా కురుపులు లేచి కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. ముప్పై దాటాక విసుగొచ్చి రేజరు కొన్నాను. స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు, వెంట్రుక ఎటు వాలితే అటే నాలుగు గీతలు. మూడు నిమిషాల పని. "రేజరు పెడితే ఇంకా ముదురుతుందే" అని అమ్మ మూడేళ్లు మొత్తుకుంది. ముదరలేదు. కాకపోతే ఎంత నున్నగా గీసినా నీడ మాత్రం పోదు. పైన తెగిన వెంట్రుకకు చర్మం కింద మొదలు అలాగే ఉంటుంది కదా. పై పెదవి మీద, గడ్డం కింద, పలక తుడిచాక మిగిలే మరకలా బూడిదరంగు. సాయంత్రానికి ఇంకాస్త చిక్కబడుతుంది.

ఎవరైనా చూసి మొహం తిప్పుకుంటే నాకేం బాధ లేదు. నా ఉద్యోగంలో మాత్రం తిప్పుకోవడానికి వీల్లేదు. నేను చెవులు వినపడని పిల్లలకు పాఠాలు చెబుతాను. నా తరగతిలో ఆరుగురు పిల్లలు. పెదవుల కదలికా, చేతుల సైగలూ కలిపి చదువుకుంటారు. రోజుకు ఐదు గంటలు నా మూతి చూడటమే వాళ్ల చదువు.

మా బడిలో రాతలో ఉండే పేర్లు రిజిస్టరుకే. పిల్లల మధ్య నడిచేవి చేతి పేర్లు. మనిషిలో ఏది కొట్టొచ్చినట్టు కనిపిస్తే దాన్ని చేత్తో చూపిస్తారు, అదే పేరు. ప్రిన్సిపాల్‌గారి పేరు కళ్లద్దాలు పైకి తోసుకోవడం. వాచ్‌మన్ పేరు బొజ్జ నిమరడం. బుగ్గలో వేలు గుచ్చితే సొట్టబుగ్గ, ఆరుగురిలోకీ గడుగ్గాయి. ఈ పేర్లు పిల్లలే పెడతారు. ఎవరి పేరు వాళ్లు పెట్టుకోకూడదు, నచ్చలేదని మార్చుకోకూడదు. నేను చేరిన రెండో రోజే సొట్టబుగ్గ నన్ను తేరిపార చూసి, తన పై పెదవి మీద చూపుడువేలు అడ్డంగా గీసింది. మీసం. అంతే, ఖాయమైపోయింది. రెండేళ్లుగా పొద్దున్నే ఆరు వేళ్లు ఆరు మూతుల మీద గీసి నన్ను పలకరిస్తాయి. చెప్పొద్దూ, ఆ పలకరింపు లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు.

అయితే ఈ రెండేళ్లూ నాది తాత్కాలిక ఉద్యోగమే. ఈసారి ముగ్గురు పెద్దలు కమిటీగా వచ్చి నా పాఠం చూస్తారన్నారు. వాళ్లకు నచ్చితే ఆ తరగతి నాది. నచ్చకపోతే వచ్చే నెల నుంచి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని హాజరు పట్టీలు చేసుకోవాలి. ఆ ఆరుగురూ ఇంకొకరి మూతి చూస్తూ చదువుకుంటారన్న ఊహకే నాకు ముద్ద దిగలేదు.

ముందురోజు ప్రిన్సిపాల్‌గారు గదిలోకి పిలిచారు. మంచావిడే, మొహమాటస్తురాలు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పారు.

"నీ పాఠం గురించి నాకు బెంగ లేదమ్మా. కాస్త ముఖం సంగతి చూసుకో. పిల్లల చేత ఆ సైగ మాత్రం చేయించకు. ఎవరు చూసినా ఇట్టే అర్థమైపోతుంది. పెద్దవాళ్ల ముందు బాగుండదు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని నోటిదాకా వచ్చింది. మామూలుగా అయితే అనేసేదాన్నే. ఉద్యోగం గుర్తొచ్చి "అలాగేనండి" అన్నాను. నా జన్మలో ఇంత తెలివితక్కువ మాట ఇంకోటి అనలేదు.

తరగతికి వెళ్లి పిల్లలకు చెప్పాను. రేపు మూతి మీద వేలు పెట్టొద్దు, రేపు నా పేరు ఇది, అంటూ చెవి రింగు పట్టుకుని ఊపి చూపించాను. ఆరుగురూ మొహమొహాలు చూసుకున్నారు. సొట్టబుగ్గ నొసలు ముడిచి, "పేరు మారుతుందా?" అని సైగ చేసింది. "మారుతుంది" అన్నాను. రెండేళ్లు వాళ్ల మధ్య తిరిగి వాళ్ల చట్టం తెలిసీ ఆ మాటన్నాను చూడండి.

మర్నాడు పొద్దున్నే మా పిన్ని కూతురు పెట్టె పట్టుకుని దిగింది. పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తుంది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి గడ్డం పైకెత్తింది.

"గీసుకుని ఎంతసేపైంది అక్కా?"

"అరగంట."

"సరే, చర్మం చల్లారింది. తెల్ల పౌడరు కొట్టుకుంటే పోతుందనుకుంటారందరూ. నీడ ఇంకా బూడిదగా తేలుతుంది. ముందు నారింజరంగు పడాలి. నీడలో ఉండే నీలాన్ని మింగేది అదొక్కటే."

"బొప్పాయి తిని మూతి కడుక్కోనిదానిలా ఉన్నానే!"

"మాట్లాడకు, పగులుతుంది."

వేలి కొసతో అద్దింది. రుద్దితే లేచిపోతుందట, అద్దాలట. దానిమీద నా చామనఛాయకు సరిపోయే రంగు, దానిమీద పౌడరు. చివరికి అద్దం చేతికిచ్చింది. నీడ లేదు. పదిహేడో ఏటి తర్వాత ఆ మూతిని నేను చూడటం అదే మొదలు. అబద్ధమెందుకు, బాగుంది. ఎడమ నుంచి చూసుకున్నాను, కుడి నుంచి చూసుకున్నాను, దాదాపు బస్సు తప్పిపోయేంతసేపు చూసుకున్నాను.

కమిటీలో ఒక డాక్టరు, ఫైలు పట్టుకున్న ఒకాయన, వాళ్లకు పెద్దగా ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ముప్పై ఏళ్లు ఇలాంటి బడిలోనే పనిచేసిందట, సైగలు మాకన్నా బాగా వచ్చు. ముగ్గురూ వెనక బెంచీలో సర్దుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు తలుపు దగ్గర నిలబడ్డారు.

పాఠం మునిగేవి, తేలేవి. బల్ల మీద నీళ్ల తొట్టి, పక్కన రాయి, బెండు, తాళంచెవి, ఆకు, సబ్బుబిళ్ల. పిల్లలు చచ్చుపుచ్చుగా చెవులు ఊపి పలకరించారు. రాయి చూపించి "మునుగుతుందా?" అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. బెండు చూపించాను. దిక్కులు చూశారు. "తేలుతుందా?" అని నోరు సాగదీసి పలికేసరికి పెదవి పైన మేకప్ చిట్లినట్టనిపించింది. మామూలుగా రాయి పట్టుకునే లోపే ఆరుగురూ మీద పడేవాళ్లు. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

పెద్దావిడ లేచి సొట్టబుగ్గ ముందుకొచ్చి సైగలతో అడిగింది. "మీ టీచర్ బాగా చెబుతుందా?"

"మా టీచర్ ఇవాళ రాలేదు."

"మరి ఈవిడెవరు?"

సొట్టబుగ్గ చెవి పట్టుకుని ఊపింది. "కొత్తావిడ. అందంగా ఉంది. మాకు తెలీదు."

పేరు మారితే మనిషి మారినట్టే, అది వాళ్ల చట్టం. పైగా మొహం కూడా మార్చుకుని వచ్చాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

"మీ టీచర్ పేరేంటి?" అంది పెద్దావిడ.

సొట్టబుగ్గ వేలు పైకి లేచింది. గడ్డం దాకా వచ్చి ఆగింది. నా వైపు చూసింది. నేను వద్దన్నానని గుర్తొచ్చి, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

ఆ పిల్లకు మాటంటే చెయ్యే. అలాంటి పిల్లకు చెయ్యి దాచుకోవడం నేర్పింది నేను. నా మూతి కోసం. ఉద్యోగం పోతే పోనీ, ఈ పాపం నాకొద్దు అనుకున్నాను.

తొట్టి దగ్గరికి లాక్కున్నాను. సబ్బుబిళ్ల తీసుకుని కమిటీ ముందే మూతి తోముకున్నాను. నారింజరంగు నురగ గడ్డం మీదుగా కారింది. ప్రిన్సిపాల్‌గారు "అయ్యయ్యో" అన్నారు. కొంగుతో తుడుచుకుని, చూపుడువేలు పై పెదవి మీద అడ్డంగా గీశాను.

ఆరు వేళ్లు ఒక్కసారి లేచాయి. బెంచీలు కదిలిపోయాయి. వాళ్లకు వినపడదు గానీ ఆ కేరింతలు వీధి చివరిదాకా వినపడే ఉంటాయి.

"ఏమిటది?" అన్నాడు డాక్టరు.

"మీసమండీ. నా పేరు" అన్నాను.

ఆ తర్వాత రాయి మునిగింది, బెండు తేలింది, తాళంచెవి కోసం ఇద్దరు కొట్టుకున్నారు, డాక్టరుగారి ప్యాంటు తడిసింది. పెద్దావిడ ఫైలు తనే అందుకుని, 'తాత్కాలికం' అన్న మాట మీద ఒక గీత గీసి సంతకం పెట్టింది. "తరగతి ఎవరిదో వీళ్లే తేల్చేశారు. ఇక మనం చూసేదేముంది?" అని లేచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రిన్సిపాల్‌గారు నా భుజం తట్టి వాళ్ల వెనకే నడిచారు.

వాళ్లు బయటికి వెళ్లగానే సొట్టబుగ్గ నా ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తర్వాత ఆ చేతులు తీసి నిలదీసింది.

"ఇంతసేపూ ఎక్కడికెళ్లావు?"

"తప్పయింది. ఇంకెప్పుడూ వెళ్లను" అన్నాను.