ఏడో నిబంధనలో ‘వచ్చు’

“యుద్ధము ముగిసిన ఆరు మాసములలోగా ఈ భూములు, వీటిని సాగు చేయుచుండిన రైతులకు తిరిగి ఇవ్వబడును.”

1942లో పుంగనూరు పక్కన ఎర్రమిట్టలో సిద్దప్ప మూడెకరాల చేను చుట్టూ ముళ్లకంచె వేసిన రోజున, పట్టాళం వెంట వచ్చిన ఆఫీసరు ఈ వాక్యం చదివి వినిపించాడు. తాత్కాలిక భూస్వాధీన నిబంధనలలో అది ఏడవది. సిద్దప్పకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ వాక్యం మాత్రం ఒక్కసారికే నోటికి వచ్చేసింది. తన చేలో పట్టాళం కంచరగాడిదలు సకిలిస్తూంటే, కంచె ఇవతల గట్టు మీద కూర్చుని దాన్ని వల్లె వేసేవాడు. ‘ఇవ్వబడును’ దగ్గర గొంతు కొంచెం పెంచేవాడు.

ఆ నిబంధనల పుస్తకాలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కచేరీలలో ఒక్కొక్కటి ఉండేవి. వాటిని ఎప్పటికప్పుడు సరిచేసే గుమాస్తా సిద్దప్ప కొడుకు రాజగోపాలే.

పని చూడటానికి చిన్నదే. ప్రతి శనివారం మదనపల్లెకు గెజిట్ వస్తుంది. అందులో సవరణల పేజీ ఉంటుంది. ఫలానా నిబంధనలో ఫలానా మాటకు బదులు ఫలానా మాట చదువుకొనవలెను అని. రాజగోపాల్ ఆ కొత్త మాటను మూడు పుస్తకాలకూ మూడు చీటీలుగా రాసి కత్తిరిస్తాడు. పుస్తకాలకు జిల్దులు కట్టే మస్తాన్ సాయిబు గోధుమపిండి జిగురు కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, పాత మాట మీద చీటీ అతికిస్తాడు. గోరుతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి అద్దుతాడు. పక్కన రాజగోపాల్ తేదీ వేసి సంతకం పెడతాడు. మదనపల్లెలో శనివారమే అయిపోతుంది. తరువాత ఒక సోమవారం పుంగనూరు, ఇంకో సోమవారం కుప్పం.

జిగురు ఆరేసరికి ఆ కచేరీ కిందున్న ఊళ్లన్నీ చీటీలో ఉన్నట్టుగా మారిపోతాయి. ఎప్పటి నుంచో అంతే. రామసముద్రం దగ్గర ఒక పల్లె సరిహద్దులో ‘ఏటికి పడమర’ అన్నది ‘ఏటికి తూర్పు’ అయినప్పుడు, పల్లె మొత్తం తెల్లారేసరికి అవతలి ఒడ్డున ఉంది. ఒక్క బర్రె మాత్రం పాత ఒడ్డునే మిగిలిపోతే, పాలు పిండటానికి ఏరు దాటాల్సి వస్తోందని దాని యజమాని వారం రోజులు సణిగాడు. ఇంకోసారి అచ్చుతప్పు వల్ల బందెలదొడ్డి నిబంధనలో ‘పశువులు’ అన్నచోట ‘శిశువులు’ అని పడింది. తప్పొప్పుల చీటీ వచ్చేదాకా రెండు రోజులు తల్లులు బందెలదొడ్డికి పోయి, కటకటాల సందులోంచి బిడ్డలకు పాలిచ్చి వచ్చారు.

“అది అచ్చుతప్పని తెలిసి కూడా యాల అతికించినావు మామా?” అని అప్పట్లో రాజగోపాల్ మస్తాన్‌ను నిలదీశాడు.

“చీటీ ఎవురు రాసినారని జిగురు అడగదప్పా. తడి తగిల్తే పట్టుకుంటాది, అంతే” అన్నాడు మస్తాన్.

రాజగోపాల్‌కు ఇరవై మూడేళ్లు. గ్రంథాలయంలో కరపత్రాలూ పుస్తకాలూ దొరికినవన్నీ చదివేశాడు. దున్నేవాడిదే భూమి అనేవాడు. చట్టం ప్రజల సొత్తు అనేవాడు. కచేరీలో కత్తెర పట్టుకుని కూర్చుని, నేల మీద రాలిన ముక్కల మధ్య, సంకెళ్లు తెంచుకోవాలని మస్తాన్‌కు చెప్పేవాడు. మస్తాన్ జిగురు కలుపుతూ వినేవాడు. ఒక రోజు మాత్రం, “నీ మాటలు కూడా చీటీలే గదప్పా. ఎవురో కత్తిరించినారు, నువ్వు అతికించుకున్నావు. నీ సొంతానిది ఒకటి యాడన్నా ఉంటే చెప్పు, వింటా” అన్నాడు. రాజగోపాల్ కత్తెర అందుకుని తరువాతి చీటీ కత్తిరించాడు.

1945 సెప్టెంబరు రెండున యుద్ధం ముగిసింది. సిద్దప్ప వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. మార్చి రెండుకు ఆరు నెలలు. కంచరగాడిదలు వెళ్లిపోయాయి, రేకుల కొట్టాలూ కంచే మిగిలాయి. రాగి విత్తనాలు ఎండబెట్టి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టించాడు.

జనవరి పంతొమ్మిదో తేదీ శనివారం గెజిట్ విప్పిన రాజగోపాల్ చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఏడవ నిబంధనలో ‘ఇవ్వబడును’ అను మాటకు బదులు ‘ఇవ్వబడవచ్చును’ అని చదువుకొనవలెను.

అంతే. గోరంత మాట. అతను కాగితం పట్టుకుని హెడ్డుగుమాస్తా రెడ్డెప్ప బల్ల ముందుకు పోయాడు.

“ఇది దోపిడీ. మాట ఇచ్చి, మూడేళ్లు చేను తిని, ఇప్పుడు మాట మారుస్తాండారు.”

“మాట యాడ మారింది? అదే మాట. మధ్యలో కొంచెం సాగింది” అన్నాడు రెడ్డెప్ప, తలెత్తకుండా. “నువ్వు సరిచేసే గుమాస్తావా, సర్కారువా? సర్కారయితే చెప్పు, లేచి నిలబడతా.”

వెనక బల్లల వాళ్లు నవ్వారు.

అదే సమయానికి సిద్దప్ప వచ్చాడు. గెజిట్ వచ్చే రోజు కదా, తన వాక్యం గురించి ఏమన్నా వచ్చిందేమోనని ప్రతి శనివారం పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు. వరండాలో కొడుకు చేతిలో కాగితం చూడగానే దగ్గరికి జరిగాడు.

“ఏమని రాసిండారు రా?”

“ఇవ్వబడవచ్చును అని, నాయనా.”

“వచ్చునా?” సిద్దప్ప ముఖం విప్పారింది. “ఇంగేం కావాల. ముందు ఇస్తామన్నారు, ఇప్పుడు వచ్చు అని కూడా రాసిచ్చినారు. వచ్చు అంటే వచ్చేదే గదా.”

రాజగోపాల్ నోరు తెరిచాడు. వచ్చు అంటే రాకపోవచ్చు కూడా అని చెప్పాలి. కానీ తండ్రి అప్పటికే వరండాలో కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పేస్తున్నాడు, “మా చేను వచ్చునంట, అచ్చేసినారు” అని. అందరూ మంచిదప్పా అంటున్నారు. చెప్పలేకపోయాడు. లోపలికి పోయి మూడు చీటీలు కత్తిరించాడు. మస్తాన్ మొదటిది అతికించాడు. సంకెళ్లు తెంచమని రోజూ చెప్పేవాడి చెయ్యి, దాని పక్కన సంతకం పెట్టింది.

సాయంత్రానికి మదనపల్లె మాట మారింది. పాలు పోసే ఆమె, రేపు రావచ్చు అని చెప్పి పోయింది. బస్సు ఎప్పుడు బయల్దేరుతుందని అడిగితే కండక్టరు ఆకాశం చూసి, పోవచ్చు అన్నాడు. బడిలో పిల్లలు రెండు రెళ్లు నాలుగు కావచ్చు అని ఎక్కాలు చదివారు. పెళ్లిపీటల మీద పురోహితుడు, ఇక కట్టవచ్చు అంటే, పెళ్లికొడుకు తాళి చేత పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఎవరూ దీని గురించి మాట్లాడుకోలేదు. కాకపోతే ఊళ్లో అందరూ కొంచెం మెల్లగా, నేల ఉందో లేదో కాలితో చూసుకుంటూ నడవసాగారు.

సోమవారం పుంగనూరు పుస్తకంలో రెండో చీటీ పడింది.

శుక్రవారం రాజగోపాల్ తల్లి రామలక్ష్మమ్మ మదనపల్లె కచేరీ మెట్ల మీద కూర్చుని ఉంది. చెప్పుల్లేవు, కాళ్ల నిండా దుమ్ము.

“ఏమ్మా?”

“మీ నాయన పొద్దున ఉంటాండాడు రా. మజ్జానానికి ఉంటాడో లేదో తెలీదు. సంగటి ముద్ద పెట్టి సూస్తాంటా. ఒకోసారి తింటాడు, ఒకోసారి ముద్ద అట్నే ఉంటాది, మనిషి కనపడడు. చేను కూడా అంతే. నిన్న కంచె ఉండాది, కొట్టాలు ఉండాయి, నడుమ మన చేను లేదు. బండలు పరిచినట్ట తెల్లగా ఉండాది.”

రాజగోపాల్ ఆమె వెంట ఎర్రమిట్టకు పోయాడు. సిద్దప్ప మంచం మీద పడుకుని ఉన్నాడు. అంచులు తడిసిన కాగితంలా ఉన్నాడు. భుజం కింద నులక అల్లిక కనబడుతోంది.

“వచ్చు రా” అన్నాడు కొడుకును చూసి. గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టుంది. “నేను కూడా వచ్చే పోయే మాదిరి ఉండాను.”

“నాయనా, ఆ చీటీ నేనే కత్తిరించినా. సంతకం కూడా నాదే.”

సిద్దప్ప కొంతసేపు లేడు. మంచం ఖాళీగా ఊగింది. మళ్లీ కనిపించినప్పుడు, “నీకు తెలుసునా, దాని అర్తం?” అన్నాడు.

“తెలుసు.”

“ఆ పొద్దు చెప్పింటే అయిపోయుండె గదా రా.” తిట్టి ఉంటే బాగుండేదనిపించింది రాజగోపాల్‌కు.

ఇంకో చీటీ మిగిలి ఉంది. కుప్పం పుస్తకంలో ‘ఇవ్వబడును’ ఇంకా గాలి పీలుస్తోంది. అదీ మూతబడితే ఆ మాట ఎక్కడా ఉండదు. ఆ మాటను పట్టుకుని బతికిన మనిషీ ఉండడు.

జనవరి ఇరవై ఎనిమిది, సోమవారం, మస్తాన్ జిగురు డబ్బాతో పొద్దున్నే పుంగనూరులో బస్సు దిగేసరికి, రాజగోపాల్ తండ్రిని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. దుప్పటి బరువు తప్ప వేరే బరువు లేదు.

“యాడికప్పా ఈయన్ని?”

“కుప్పానికి. ఆడ మాట ఇంకా మారలేదు.”

మస్తాన్ ముందుగా కుప్పం బస్సెక్కి కిటికీ పక్క సీటు చూపించాడు.

బస్సు పలమనేరు దాటింది. కుప్పం పొలిమేర రాయి వెనక్కి పోయిన క్షణాన సీటు కిర్రుమంది. రాజగోపాల్ తొడ మీద తండ్రి మోచేయి బరువుగా పడింది. సిద్దప్ప దుప్పటి తీసేసి, గట్టిగా దగ్గి, “ఆకలిగా ఉండాది” అన్నాడు. బస్సు దిగినప్పుడు అతని కాలు నేలను తాకిన చప్పుడు వినిపించింది. కచేరీ ఎదురు హోటల్లో మూడు సంగటి ముద్దలు తిన్నాడు. పచ్చిమిరపకాయ కావాలని అడిగి మరీ తిన్నాడు.

కుప్పం కచేరీలో బీరువా తాళాలు తన దగ్గర ఉంచుకునే గురప్ప పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఏడో నిబంధన. ‘ఇవ్వబడును’. రాజగోపాల్ దాని మీద వేలు పెట్టాడు. అచ్చు కొంచెం ఎత్తుగా తగిలింది.

మస్తాన్ డబ్బా మూత తీశాడు. చీటీని వేలి కొసన పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. తరువాత వేలు వదులు చేశాడు. చీటీ జిగురులో పడి మెత్తబడి, సిరా కరిగి, కనిపించకుండా పోయింది.

“కండ్లు సరిగా ఆనవప్పా నాకు. యాడో పడిపాయ” అన్నాడు.

“ఇంకొకటి పంపుతారు మామా. వచ్చే వారమో, ఆ పై వారమో.”

“పంపుతారు. అందాక ఏం చేస్తావు? దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాస్తావా?”

రాజగోపాల్ జేబులోంచి తెల్ల కాగితం తీశాడు. తనకు తెలిసిన నినాదాలన్నీ ఒక్కొక్కటిగా నాలుక మీదికి వచ్చాయి. ఒక్కటీ అతకలేదు. చివరికి తండ్రి అడిగేదాన్నే రాసి, కింద తన పేరు పెట్టాడు. కత్తిరించాడు. ఏ మాటనూ మూయకుండా, నిబంధన కింద ఉన్న ఖాళీలో పెట్టి చూశాడు. సరిపోయింది.

మస్తాన్ చదివి తల పంకించాడు. “దీంట్లో తేదీ ఉండాది. తేదీ ఏస్తే ఊరినంతా పట్టుకుంటాది. జవాబు రాకుంటే ఆ దినం దాటదప్పా. మనకు కూడా దాటదు. కింద నీ పేరుండాది, రెడ్డెప్ప నిన్ను వదలడు.”

“అతికించు మామా.”

మస్తాన్ గోరుతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి అద్దాడు. సిద్దప్ప వరండా బల్ల మీద కాళ్లు చాపి కూర్చుని, ఇక ఇక్కడి నుంచి కదలనన్నట్టు తలపాగా విప్పి పక్కన పెట్టుకున్నాడు. కుప్పం దాటితే తాను ఉండడని అతనికీ తెలుసు. ఇంటికి పోవాలంటే చేను రావాలి.

జిగురు ఆరింది. లోపల గోడ మీది క్యాలెండరు చూసిన గురప్ప, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. మార్చి నెలలో రెండు అంకెలే ఉన్నాయి. తరువాతి గళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. పుస్తకం మూసే ముందు, కొత్త చీటీని వేలితో కూడబలుక్కుంటూ పైకి చదివాడు:

“భూమి తీసుకొన్నవారు, అది తిరిగి ఇచ్చెదరో ఇవ్వరో, ‘వచ్చు’ అను మాట వాడకుండ, కుప్పములో కూర్చున్న ఎర్రమిట్ట సిద్దప్ప ఎదుట నిలిచి చెప్పవలెను. గడువు: 1946 మార్చి 2వ తేది, శనివారము, సాయంత్రము అయిదు గంటలు.”