చుక్కను చూడండి

కళ్లు తిరిగే జబ్బుల పరీక్ష గదిలో, రోజూ మొదటి రోగి రాకముందే ఆయన కెమెరా కళ్లద్దాలను తన ముఖానికే బిగించుకుని, గోడ మీద వెలిగే చుక్కను చూస్తాడు. కనుపాప కదలిక తెర మీద గీతగా పడుతుంది. గీత తిన్నగా సాగితే యంత్రం బాగున్నట్టు. "చుక్కను చూడండి" అని చెప్పి చెప్పి ఆస్పత్రిలో ఆయన పేరే చుక్కాయన అయిపోయింది.

ఆ రోజు గీత తిన్నగా రాలేదు. కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు కొట్టుకుంది. రోగి గీత అలా వస్తే మెదడు కాండంలో రక్తనాళం పూడుకుపోయిందేమోనని వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తాడు. స్కాన్‌లో మచ్చ తేలడానికి ఒక్కోసారి మర్నాటి దాకా పడుతుంది. కళ్లు ముందే చెబుతాయి. కానీ ఇది రోగి గీత కాదు. ఆయన కేబుల్ ఊడదీసి మళ్లీ గుచ్చాడు. లెన్స్ తుడిచాడు.

కిందటి వారం కేబుల్ మొరాయిస్తే మేనేజరు గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "ఇంకోసారి రిపేరంటే ఈ గదికి తాళమేస్తా. పోయి కౌంటరులో టోకెన్లు చించుకుందువు గాని." ఆయన జుట్టు నెరిసింది ఈ గదిలోనే. గీతను చెరిపేసి తలుపు తీశాడు.

మొదట వచ్చిన ముసలమ్మ మంచం దిగితే చాలు, తూలి పడిపోతోందట.

"చుక్కను చూడండమ్మా."

"నువ్వు కాస్త నిలకడగా ఉంటే చూస్తా నాయనా. కళ్లు తిరిగేది నాకా, నీకా?"

ఆయన బల్ల అంచు పట్టుకుని నవ్వాడు. "పొద్దున ఏమీ తినలేదమ్మా."

"మీ ఆవిడ పెట్టలేదా?"

"పెట్టింది. సయించలేదు."

ఆమె గీత తిన్నగా వచ్చింది. తల వాల్చినప్పుడు మాత్రం కాసేపు కొట్టుకుని ఆగింది, లోపం లోపలి చెవిలోది, మెదడుది కాదు. యంత్రం దారికొచ్చిందని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తప్పు కేబుల్‌దే అనుకున్నాడు.

మధ్యాహ్నం వరండాలో గోడ పట్టుకుని నడుస్తూ కూలిపోయాడు. స్ట్రెచర్ మీద స్కాన్ గదికి తోసుకెళ్లారు. తెర మీది బొమ్మలు చూస్తున్న డాక్టరు, రోగి ఎవరో అడగకుండానే, "ఇందులో ఇంకా తేలడం లేదు. చుక్కాయన్ని పిలవండి, కళ్లు రికార్డు చేద్దాం" అన్నాడు.

"లోపల ఉన్నది ఆయనే సార్" అంది నర్సు.

సాయంత్రానికి ప్రాణం పోయింది.

వారం తిరక్కుండానే మేనేజరు యంత్రాన్ని బేరానికి పెట్టాడు. కొనడానికొచ్చినవాడు కళ్లద్దాలు పెట్టుకుని చుక్కను చూశాడు. గీత తిన్నగా వచ్చింది.

"బంగారంలా ఉందే! ఎందుకమ్మేస్తున్నారు?"

"నడిపేవాడు లేడు" అన్నాడు మేనేజరు.

స్కాన్ గది బయట ట్రేలో, లోహం లోపలికి పనికిరాదని నర్సు విప్పి పెట్టిన ఆయన బెల్టు ఇంకా చుట్ట చుట్టుకునే ఉంది. చిక్కిపోయిన నడుముకు ఉన్న రంధ్రాలు చాలక, మేకుతో పొడుచుకున్న రంధ్రం ఒకటి దానికి అదనం.