ఆగిన గంటలు సున్నా

కరెంటు తయారుచేసే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా గుమస్తాని. అయినా మా క్వార్టర్లో రోజూ భోజనానికి కూర్చునే వేళకే కరెంటు పోతుంది. పోతే పోయింది, ఎదురు వరసలో మా తోడల్లుడింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. విసనకర్రతో విసురుకుంటూ, కిటికీలోంచి ఆ ఫ్యాను చూస్తూ అన్నం తినే బాధ పగవాడికి కూడా వద్దు.

మా పని కొలవడం. కంపెనీలో కరెంటు తీసే యూనిట్లు రెండు. ఒకటోది ఎన్ని గంటలు ఆగిందో నేను రాస్తాను, రెండోది మా తోడల్లుడు రాస్తాడు. తక్కువ ఆగిన యూనిట్ నెలాఖరుకి గేటు బోర్డు మీద పైకెక్కుతుంది. ఏడు నెలలుగా రెండోదే పైన.

"మా చెల్లెలి మొగుడు కూర్చుంటే మిషన్లు కూడా మాట వింటాయండీ," అంటుంది మా ఆవిడ. మిషన్ నడిపేది అతను కాదని ఎంత చెప్పినా వినదు.

గెలిచిన యూనిట్లో బాయిలరు బూడిద ఎత్తే కూలీలకి కొత్త గ్లవుజులు ఇస్తారు. ఓడినవాళ్లకి పాతవే. మేనేజరు దీన్ని ప్రోత్సాహం అంటాడు. మావాళ్లు చిరుగుల్లోంచి వేళ్లు కనబడుతుండగా పనిచేస్తూ, అవతలివాళ్ల చేతులు చూసి కుళ్లుకునేవాళ్లు. నాదీ అదే జబ్బు.

మొన్న నెలాఖరున బాయిలరు కింద బూడిద తొట్టి బిగుసుకుపోయింది. మావాళ్ల ముసలి మేస్త్రి నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"బాబూ, యూనిట్ ఆపాలని రాయండి. లోపల ఇంకా నిప్పుంది."

నెల ముగియడానికి ఇంకో ఆరు గంటలు, అప్పటిదాకా ఆగకుండా ఉంటే తోడల్లుడిని దాటేస్తాను. 'ఆపనక్కర్లేదు, నడుస్తుండగానే తొట్టి తలుపు తీయించండి' అని చీటీ రాసి, నకలు ఉంచుకుని ఇంజనీరుకి పంపాను. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు.

మేస్త్రి తొట్టి తలుపు తీయగానే నిప్పుల బూడిద మీద పడింది. చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి. యూనిట్ ఆగలేదు. 'ఆగిన గంటలు' గడిలో సున్నా వేశాను. చేతులకి గడి లేదు.

ఆ నెల మేమే ఫస్టు. మా ఆవిడ అడక్కుండానే ఇంకో గరిటె కూర వేసింది.

కొత్త గ్లవుజుల పెట్టె మావాళ్ల షెడ్డుకొచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. మేస్త్రి కోడలు, ఆమె కూడా బూడిద మోసేదే, ఒక జత పైకెత్తింది.

"మావయ్య చేతులు కాలాక ఇవి ఎవరికి తొడగను?"

రెండో యూనిట్ కూలీలు గుంపుగా వచ్చారు. కొట్లాటకనుకున్నాను. ముందున్నవాడు తన గ్లవుజులు తీసి పెట్టెలో పడేశాడు.

"ఇన్నాళ్లూ మీ చేతులు చూసి నవ్వాం వదినా. తప్పయింది."

"నీదేం తప్పయ్యా. మనల్ని పక్కపక్కన నిలబెట్టి కొలిచినవాడిది."

నేను నా చెప్పులు చూసుకున్నాను.

మేనేజరు దిగొచ్చాడు. "ఎవరి యూనిట్‌కి వాళ్లు పొండి."

"యూనిట్లు మీవి, చేతులు మావి," అందామె. "అందరికీ గ్లవుజులు రావాలి. మిషన్ ఆపకుండా ఒక్కరం కూడా బాయిలరు కిందికి దిగం."

దిగలేదు. తొట్లు నిండాయి. సాయంత్రానికి రెండు యూనిట్లూ ఆగిపోయాయి. అప్పుడు మా తోడల్లుడు నిచ్చెన వేసుకుని గేటు బోర్డు దింపేసి, వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. పోలీసులు నలభై మందిని వ్యాన్లెక్కించారు. మొదట అతన్నే. జనం జేజేలు కొట్టారు. ఫ్యాను చూసి కూడా నాకు అంత కడుపుమంట ఎప్పుడూ రాలేదు.

మేస్త్రి ఎవరూ చెప్పకుండా తనే తలుపు తీశాడని ఇప్పుడు కంపెనీ అంటోంది. కాదనడానికి ఒకటే సాక్ష్యం, నా చీటీ నకలు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి గేటు దగ్గర మీటింగు. రెండు యూనిట్లవాళ్లూ వస్తున్నారు. నకలు పట్టుకుని నేనూ వెళ్తున్నాను. ఉద్యోగం పోతుందని తెలుసు, మిమ్మల్ని అడిగేది దాని గురించి కాదు.

నేను ఆపమనే రాశాననీ, పైవాళ్లే వినలేదనీ మేస్త్రి నమ్ముతున్నాడు. ఆసుపత్రిలో నాకు దణ్ణం పెట్టబోయి, చేతులు లేవక తల వంచాడు. రేపు ముందు వరసలో కూర్చుంటాడట. ఆయన ఎదురుగా నిలబడి మొదటి మాట ఏమని అనాలి? మీరు నాలుగూ చదివినవాళ్లు, చెప్పండి బాబూ. ఎనిమిదింటికల్లా కావాలి.