వంతెన మీద ఆడలుంగీలు

బూటు కింద మందుబుడ్డి నలిగితే పెద్ద చప్పుడేమీ రాదు. వేరుశనక్కాయ ఒలిచినట్టు టప్పుమంటుంది, అంతే. ఆ పొద్దున్న మూ నది వంతెన మీద ఆ చప్పుడు ఇరవై నాలుగు సార్లు వినబడింది. వరుసలో నిలబడ్డ వందమందీ విన్నారు.

కాపలా పోస్టు కెప్టెన్ ఒక్కో బుడ్డీ తీసి సిమెంటు మీద పెట్టి, తాంబూలం నములుతూ తీరిగ్గా తొక్కాడు.

"ఏం మందే ఇది?"

"కాన్పయ్యాక రక్తం ఆగడానికి వేసే సూది, సార్. మా ఊళ్ళో ఎనిమిదిమంది నెలలు నిండినవాళ్ళున్నారు," అంది న్వే యీ.

"అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగే మీవాళ్ళకి రక్తం కారదా?"

"ఇది వాళ్ళకి పనికిరాదు సార్. మగాళ్ళు పిల్లల్ని కనరు కదా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం న్వే యీ చెంప పేలింది. కెప్టెన్ ఆమె బుట్టలోంచి ఒక అరటిపండు వలుచుకుని తింటూ, "పో," అన్నాడు.

అది మఠానికి పట్టుకెళ్ళే నైవేద్యపు బుట్ట. పైన అరటిగెల, కొబ్బరికాయ, నేరేడు చిగుళ్ళు. అడుగున ఐస్‌ముక్కల మధ్య మందు. బుద్ధుడికి పెట్టేదాంట్లో ఎంత పాపిష్టివాడైనా చెయ్యి పెట్టడని ఆమె నమ్మింది. గుళ్ళు కట్టి పుణ్యం మూటగట్టుకునే జనరళ్ళ సైన్యం కదా అనుకుంది. సైన్యానికి దేవుడి మీద అంత భక్తే ఉంటే ఊళ్ళకి ఊళ్ళు ఎందుకు తగలబెడుతుంది? ఆ మాట ఆమెకు తట్టలేదు.

ముందు రోజే పక్కింటి మ్యాయింగ్ అవ్వ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "పిచ్చి మొహమా, నైవేద్యంలో కాదే, మా ముట్టులుంగీల మూటలో పెట్టు. ఆ కెప్టెన్ తాత దిగొచ్చినా దాని జోలికి రాడు."

న్వే యీ ఛీ అంది. "ప్రాణం పోసే మందే అవ్వా! ఆ మూటలో పెడతామా?"

ఆ దేశంలో ఆడవాళ్ళు కట్టేదీ లుంగీయే. అది తగిలితే మగవాడి తేజస్సు పోతుందని అక్కడ పాలతోపాటే పోస్తారు. మగవాళ్ళ బట్టలతో కలిపి ఉతకరు. ఇంటి వెనక, మనిషి తల కంటే కిందగా ఆరేస్తారు. న్వే యీ పట్నంలో చదివింది, పదకొండేళ్ళు సర్కారు నర్సుగా చేసింది, సైన్యం గద్దెనెక్కిన వారానికే నర్సులు కట్టే ఎర్ర లుంగీ, తెల్ల జాకెట్టు మడతపెట్టి సమ్మెలోకి దిగింది. తుపాకికి భయపడని మనిషి లుంగీకి సిగ్గుపడింది. ఎంత చదివినా కొన్ని సిగ్గులు కడిగినా పోవు.

ఆమె వట్టి చేతులతో ఊరు చేరేసరికి టిన్ సబేకి నొప్పులు మొదలయ్యాయి.

టిన్ సబే ఎడ్లబండి తోలే సెయిన్ పే పెళ్ళాం. మూడో కాన్పు. మధ్యాహ్నానికల్లా మగబిడ్డ పుట్టాడు, గుక్కపెట్టి ఏడ్చాడు. అందరూ నవ్వారు కూడా. తరవాత రక్తం మొదలైంది, ఆగలేదు. న్వే యీ పిడికిళ్ళతో పొత్తికడుపు నొక్కి పట్టింది. బిడ్డని రొమ్ముకి పట్టించింది. గుడ్డలు తడుస్తున్నాయి, తీస్తున్నారు, మళ్ళీ తడుస్తున్నాయి.

"నర్సమ్మా, చలేస్తోందే."

"ఎండలు మండుతుంటే చలేంటే నీకు? కళ్ళు మూయకు. నాతో మాట్లాడు."

"పెద్దదానికి జ్వరం... దానికి టీకా వెయ్యలేదుగా..."

"వేద్దాం. నువ్వే ఎత్తుకొస్తావు, నేను వేస్తాను."

పట్నం ఆసుపత్రి వంతెనకి అవతల ఉంది. పురుటాలిని మంచం మీద మోసుకెళ్ళిన పక్కూరివాళ్ళని పోయిన నెల ఆ వంతెన దగ్గర ఎండలో సాయంత్రం దాకా కూచోబెట్టారు. ఆ తల్లీ బతకలేదు, కడుపులో బిడ్డా బతకలేదు. ఒక్క సూది ఉంటే ఇక్కడే ఆగేది. ఒక్కటి! న్వే యీ చేతులు తిమ్మిరెక్కాయి, మోచేతుల దాకా ఎరుపు. పొద్దు వాలకముందే టిన్ సబే మాట్లాడటం మానేసింది.

గుమ్మం బయట సెయిన్ పే కూచుని ఉన్నాడు. పురుటింట్లోకి మగవాడు రాకూడదు. న్వే యీ బయటికొచ్చి నిలబడితే అతను ఆమె మొహం చూడలేదు, చేతులు చూశాడు. ఆమెకి ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

మర్నాడు మట్టి చేసి వచ్చాక ఊరంతా నువ్వులనూనె గానుగ పాకలో చేరింది. టిన్ సబే బిడ్డ ఒక బాలింత ఒళ్ళోంచి ఇంకో బాలింత ఒళ్ళోకి మారుతున్నాడు.

"కెప్టెన్‌ని కలిసి బతిమాలుకుందాం," అన్నాడు నువ్వుల వ్యాపారి ఊ ఖాంగ్. "నాలుగు డబ్బాల నూనె పట్టుకెళితే మెత్తబడతాడు. నాకు కాస్త పరిచయం ఉంది."

"నీకు పరిచయం ఉంటుందిలే మావయ్యా, నీ నువ్వుల లారీ ఆగిందెప్పుడు?" వెనకనించి ఒక ఆడమనిషి అరిచింది. "ఆగేది మా పురుటి మంచాలే."

"బతిమాలడం కాదు, పోస్టు మీద పడదాం!" అన్నారు కుర్రకారు.

"పడితే రేపు ఊరు బూడిద. మిగిలిన ఏడుగురూ పొట్టలు పట్టుకుని ఏ పొలాల్లో పరిగెత్తాలిరా?"

గొడవ గొడవైంది. అప్పుడు న్వే యీ లేచింది.

"తప్పు నాది. అవ్వ లుంగీల మూటలో పెట్టమంది. నేను సిగ్గుపడ్డాను. పెట్టుంటే టిన్ సబే ఇవాళ మన మధ్య కూచునుండేది." ఆమె రెండడుగులు ముందుకొచ్చింది. "నాకు శిక్ష వెయ్యండి. కానీ ముందు మందు తెచ్చే దారి చూడండి. మి ప్యోన్‌కి వారంలో నొప్పులొస్తాయి. తొలి కాన్పు. పంతొమ్మిదేళ్ళ పిల్ల."

మ్యాయింగ్ అవ్వ చుట్ట పక్కన పెట్టింది. "వాళ్ళు బుద్ధుడికి భయపడరు. చట్టానికి భయపడరు. నా చిరుగుల లుంగీకి భయపడతారు. అంతకంటే బలమైన ఆయుధం ఈ ఊళ్ళో ఇంకేముందో చూపించండి. ఊళ్ళో ఆడవాళ్ళందరం మూటలతో వెళ్తాం. అన్ని మూటలు మోసుకొచ్చే మగాడెవడు? బండెవడు తోలతాడు?"

పాకలో మగవాళ్ళు నేల చూపులు చూశారు.

"ముట్టులుంగీల మూటలు ఎక్కించుకుని బండి తోలడమంటే... తేజస్సు పోదూ?" ఒకడు గొణిగాడు.

"ఉన్న తేజస్సుతో ఏం ఊడబొడిచావురా?" అవ్వ లేచి నిలబడింది. "వాడు వంతెన మీద నర్సమ్మని కొడితే నీ తేజస్సు ఎక్కడ దాక్కుంది? అయినా నువ్వు ఎక్కణ్ణించి ఊడిపడ్డావు, తాటిచెట్టు మీంచా? ఏ లుంగీ కిందనించీ రాలేదూ?"

ఆడవాళ్ళు నవ్వలేదు. అది నవ్వే రోజు కాదు.

సెయిన్ పే లేచాడు. నడుముకు చుట్టుకున్న మూట విప్పాడు. అందులో టిన్ సబే లుంగీ ఉంది. నీలం రంగుది. ఇంకా ఉతకలేదు. దాన్ని తీసి, అందరూ చూస్తుండగా, తలకి పాగాలా చుట్టుకున్నాడు. ఎవరో ముసలాయన అయ్యో అన్నాడు.

"పోతుందన్నారుగా, చూడండి," అన్నాడు సెయిన్ పే. "ఏం పోయింది నాకు? పోవాల్సింది నిన్ననే పోయింది. బండి నేను తోలతాను."

తరవాత ఇంకో బండివాడు, "ఎడ్లు అలిసిపోతే మావి కట్టుకో అన్నా," అన్నాడు. అలా మొదలైంది.

సంతరోజుకి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ న్వే యీ గానుగ పాకలో బడి పెట్టింది. తను పట్టుబడితే విద్య తనతోనే పోకూడదని ఆమె పట్టుదల. అరటిబోదెకి సూది గుచ్చడం నేర్పింది. ఆడవాళ్ళతోపాటు సెయిన్ పే కూడా వచ్చి వెనక కూచున్నాడు. అతను ఏటా ఊరి పశువులకి టీకాలు వేసేవాడు, చెయ్యి తిరిగిన మనిషి.

"సూది ఎప్పుడు వెయ్యాలి?"

"బిడ్డ బయటికొచ్చిన నిమిషంలో!"

"అంతకుముందు ఏం చూడాలి?"

"కడుపులో ఇంకో బిడ్డ లేదని!"

"ఎక్కడ వెయ్యాలి?"

"తొడకి!"

సంతరోజు పొద్దున్నే యాభైమంది ఆడవాళ్ళు లుంగీల మూటలతో వంతెన దాటి పట్నం వెళ్ళారు, వెంట సెయిన్ పే బండి. అక్కడి మందులకొట్టు ముసలాయన తలుపు ఓరగా వేసి, సూది మందూ పిల్లల టీకాలూ రెండు ఐస్ ఫ్లాస్కుల్లో సర్ది ఇచ్చాడు. అవి లుంగీల మూటల నడుమకి వెళ్ళాయి. మూటలన్నీ సెయిన్ పే బండికెక్కాయి. మిట్టమధ్యాహ్నం అందరూ తిరిగి వంతెన దగ్గరికొచ్చారు. బండి మీద నీలం పాగాతో సెయిన్ పే, చుట్టూ ఆడవాళ్ళు.

"మూటలు విప్పండి," అన్నాడు ఒక సిపాయి.

"విప్పుతాం నాయనా." మ్యాయింగ్ అవ్వ ఒక లుంగీ తీసి అతని ముక్కు ముందు దులిపింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. బక్కచిక్కిన కుర్రాడు, ఎక్కడో ఏ గడ్డివాములోంచో పట్టుకొచ్చి బూట్లు తొడిగుంటారు.

"మీరు చూడండిరా!" కెప్టెన్ మిగతావాళ్ళని తరిమాడు. ఒకడు ఇంకొకడి వంక చూశాడు. "రేపు కాల్పులకెళ్ళాలి సార్. ఇవి ముట్టుకుని వెళితే బతికొస్తామా?" అన్నాడొకడు.

ఈలోగా పడుచులు వంతెనకి రెండువైపులా ఉన్న స్తంభాలకి ఎత్తుగా తాడు కట్టి లుంగీలు వేలాడదీశారు. పచ్చవి, పూలవి, వెలిసిపోయినవి. మధ్యలో ఎర్రది, న్వే యీ నర్సు లుంగీ. దాని కిందనించి సెయిన్ పే బండి సాగింది. అతను తల వంచలేదు. అవతలి ఒడ్డునించి వస్తున్న సైన్యపు లారీ తాడు ముందు కీచుమని ఆగిపోయింది. డ్రైవరు దిగి నిలబడ్డాడు, కదలనన్నాడు.

ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. యాభై గొంతులు నది మీద మోగాయి. "మందులాపితే ఊరుకోం! మా తల్లులు చావరు!"

కెప్టెన్ వెర్రెత్తిపోయాడు. చెయ్యి తగలకుండా పొడుగాటి వెదురుగడతో తాడు తెంపించాడు. తుపాకి లాక్కుని దూరమవుతున్న బండి మీదికి గురిపెట్టాడు. బండి ఇంకా వంతెన చివరికి చేరలేదు. ఎడ్లు ఎప్పుడూ నడిచినట్టే నడుస్తున్నాయి.

న్వే యీ పరిగెత్తి వెళ్ళి తుపాకి గొట్టానికి ఎదురుగా నిలబడింది.

"ఆ ఎర్ర లుంగీ నాది, సార్. సమ్మెలో ఉన్న నర్సుని. మీరు రెండేళ్ళుగా వెతుకుతున్నది నన్నే."

సమ్మె నర్సుని పట్టిస్తే పై అధికారులు భుజం తడతారు. కెప్టెన్‌కి ఆ లెక్క తెలుసు, ఆమెకీ తెలుసు. అతను తుపాకి తిప్పి దాని మడమతో ఆమె భుజం మీద కొట్టాడు. ఆమె పడిపోయింది. నేలమీద పడి, బండి వైపే చూసింది. బండి మట్టిరోడ్డెక్కి తాటితోపు మలుపులో కనుమరుగైంది. అప్పుడు కళ్ళు మూసుకుంది.

పట్నం పోలీసు లాకప్పులో ఆమె భుజం వాచిపోయింది. పడుకుంటే నొప్పి, కూచుంటే నొప్పి. అంతకంటే పెద్ద నొప్పి ఇంకోటి: మి ప్యోన్ ఏమైంది? రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఏడో రోజు మధ్యాహ్నం తలుపు తెరిచి తొమ్మిదిమంది ఆడవాళ్ళని లోపలికి తోశారు. అందరికంటే ముందు మ్యాయింగ్ అవ్వ.

"మళ్ళీ మందు తేబోయి దొరికాం," అంది అవ్వ, విందుకెళ్ళొచ్చినంత మామూలుగా. "వెనక ఇంకో గుంపుందిలే."

"మి ప్యోన్?"

"ఆడపిల్ల."

"తల్లి అవ్వా! తల్లి!"

"రక్తం వరదలా పోయింది. సూది పడ్డాక ఆగింది. గంజి తాగుతోంది, మొగుణ్ణి తిడుతోంది."

న్వే యీ గోడకి ఆనుకుంది. "ఎవరు వేశారు?"

"మా చేతులన్నీ వణికాయే. అరటిబోదె వేరు, మనిషి వేరు. సెయిన్ పేని పిలిచాం. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తలకి ఆ లుంగీ అలాగే ఉంది. లోపలికొచ్చి వేశాడు. వాడి చెయ్యి వణకలేదు." అవ్వ కాళ్ళు చాపుకుని కూచుంది. "తరవాత బయటికెళ్ళి ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చాడు. అంత మగాడు, పసిపిల్లాడిలా ఏడ్చాడే. ఇదే సూది టిన్ సబేకి అందుంటే అన్నాడు."

న్వే యీ కూడా ఏడ్చింది. పది రోజులకి పైగా బిగబట్టుకున్నదంతా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

సాయంత్రం పోలీసు అధికారి కాగితం, కలం పట్టుకుని వచ్చాడు.

"నర్సు ఇక్కడుంది. మరి ఊళ్ళో సూదులు వేస్తోందెవరు? ఎవరెవరికి వచ్చు?"

"రానివాళ్ళెవరో అడుగు బాబూ, అదైతే చెప్పడం తేలిక," అంది అవ్వ.

"వేషాలొద్దు ముసలీ! పేర్లు చెప్పు."

"రాసుకో అయితే. మా టిన్ సబే."

అతను రాసుకున్నాడు. "ఎక్కడుంటుంది?"

"ఊరవతల శ్మశానంలో, కొత్త మట్టి కింద. మా అందరికీ నేర్పింది అదే. చేతనైతే దాన్ని పట్టుకురా."

అధికారి కాగితం నలిపేసి లాఠీ ఎత్తాడు. న్వే యీ వాచిన భుజంతోనే లేచి అవ్వకి అడ్డంగా నిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె లేచింది. తరవాత ఆ లాకప్పులో కూచునున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.