రేకు వెనక చెయ్యి

విమానం చప్పుడు వింటేనే లొరెట్టాకు గుండె జారిపోతుంది. అలాంటి మనిషిని తీసుకొచ్చి, నెత్తిమీద అస్తమానం విమానాలు దూసుకుపోయే విస్కాన్సిన్ సంతలో నిలబెట్టాడు ఆమె మొగుడు ఆర్విన్. గరాజ్‌లో సొంతంగా కట్టుకునే విమానం విడిభాగాల కిట్ ఎంచుకోవాలట. ఏం పోయేకాలమో! రిటైరైన మనిషి హాయిగా చేపలు పట్టుకోకూడదూ? వద్దంటే ఆగే రకమైతే ఎప్పుడో ఆగేవాడు.

కిట్లు అమ్మే గుడారంలో రెండు నమూనాలున్నాయి: ఒకటి ఒంటిసీటుది, ఇంకోటి అల్యూమినియం రేకుది. ఆర్విన్ చెయ్యి అప్పుడే ఒంటిసీటు దాని మీద పడింది.

“ఇదంతా జిగురుతో అతికించేదే. నేనొక్కణ్ణే చేసుకుంటా. నీకే బాధా ఉండదు,” అన్నాడు.

ఈయన ఒంటరిగా చేసిన పనులు ఆమెకు తెలియనివా! వరండా మెట్టు ఇప్పటికీ ఊగుతూనే ఉంది. మెట్టు ఊగితే కాలు బెణుకుతుంది. రెక్క ఊగితే?

“మరి ఆ రేకుదో?” అని అమ్మే అతన్ని అడిగింది.

“దానికి ఇద్దరు కావాలి మేడమ్. బయట ఒకరు గన్‌తో రేకుల్ని కలిపే రివెట్ కొడుతుంటే, వెనకనుంచి ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఎక్కువగా ఆ దిమ్మ పెళ్ళాల చేతికే వస్తుంది. సగం విడాకులు అక్కడే మొదలు,” అని నవ్వాడతను.

“అయితే అదే,” అంది లొరెట్టా.

ఆర్విన్ తెల్లబోయాడు. “నీకు విమానమంటేనే భయం కదా?”

“భయమే. అందుకే నీ పక్కన ఉంటా.”

చేసి చూడమని అమ్మే అతను ఒక రేకు ముక్క ఇచ్చాడు. ఆమె వెనకనుంచి దిమ్మ ఆనించింది. ఆర్విన్ చేతిలో గన్ దడదడలాడింది. తిప్పి చూస్తే, దిమ్మకు తగిలి చదునవ్వాల్సిన రివెట్ తోక ఒక పక్కకు వాలిపోయి ఉంది.

“గన్ జారింది,” అన్నాడు ఆర్విన్.

“కాదు. నా చెయ్యి వణికింది.”

ఇన్నాళ్ళూ ఆయన చేతుల్ని చూసి భయపడింది. ఇప్పుడు తన చేతుల్ని చూస్తే అంతకన్నా భయమేసింది. ఈ వణుకు రెక్కలోకి వెళ్తే ఆయన్ని చంపేది తనే.

“పోనీలే లొరెట్టా, ఒంటిసీటుదే తీసుకుందాం,” అన్నాడు ఆర్విన్ మెల్లగా.

“పీకెయ్ దాన్ని. మళ్ళీ కొట్టు. పైకెళ్ళేది నువ్వు.”

వాలిన రివెట్‌ను తొలిచి తియ్యడానికి ఆర్విన్ డ్రిల్ అందుకున్నాడు. ఈసారి ఆమె దిమ్మను రెండు చేతులతో పట్టుకుంది. వణుకు మాత్రం ఆగలేదు.